‘ప్రొఫెషనల్ ఫీజు’ కాదు, జీతం అని రాయించండి: కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అధ్యక్షులకు, సభ్యులకు, సొంత ఆఫీసులు నడుపుతున్న సీనియర్ ఆర్కిటెక్టులకు,

నమస్కారాలు.

1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ‘ఆర్కిటెక్ట్’ అన్న పేరుకు రక్షణ ఇచ్చింది. ఆ చట్టం కింద ఆర్కిటెక్టులను రిజిస్టరు చేస్తూ, యాభై ఏళ్లకు పైగా ఆ పేరును కాపాడుతున్నది మీరే, కాదనం. ఆ పేరు పెట్టుకున్న మనిషికి నెల తిరిగేసరికి చేతికి ఎంత వస్తోంది, పదేళ్లకు ఏ మెట్టు మీద ఉంటున్నాడు అని ఇంతకుముందు వినతిపత్రాల్లో అడిగాం. అందినట్టు కూడా జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

అసలు విషయం ఇది. ఎన్నో ఆర్కిటెక్చర్ ఆఫీసులు కొత్తగా చేరినవారిని ఉద్యోగుల్లాగే పనిచేయించుకుంటూ, కాగితం మీద మాత్రం ‘కన్సల్టెంట్’ అని రాస్తున్నాయి. జీతానికి ‘ప్రొఫెషనల్ ఫీజు’ అని పేరు పెడుతున్నాయి. ఈ పేరు మార్పుతో ఏమేం పోతున్నాయో లెక్కలతో సహా చెబుతాం. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానంలో వేసినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. అందరి నోట్లో నానినవి పాత నంబర్లే కనుక ఇక్కడ అవే వాడాం.

1. ఎవరు ఉద్యోగి, ఎవరు కన్సల్టెంట్?

ఉదయం ఇన్ని గంటలకు రావాలి, రాకపోతే సెలవు అడగాలి, ఆఫీసు చెప్పిన డ్రాయింగే గీయాలి, బయట సొంత క్లయింట్‌ను పెట్టుకోకూడదు, నెలకు ఇంత అని ముందే ఖాయం. ఈ అయిదూ ఉంటే అది ఉద్యోగమే. కన్సల్టెంటు తన పని తన పద్ధతిలో చేసి, బిల్లు ఇచ్చి, డబ్బు తీసుకుంటాడు. హాజరు పట్టీలో సంతకం చేసే కన్సల్టెంటు ఎక్కడైనా ఉంటాడా? మన ఆఫీసుల్లో ఉన్నాడు.

2. రూ.30,000లో చేతికి ఎంత?

కన్సల్టెంట్ పేరుతో నెలకు రూ.30,000 అనుకుందాం. ఏడాదికి రూ.3,60,000. ప్రొఫెషనల్ ఫీజు ఏడాదికి రూ.50,000 దాటితే సెక్షన్ 194జె కింద 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తారు. అంటే నెలకు రూ.3,000. చేతికి వచ్చేది రూ.27,000.

మరి ఆ మనిషి కట్టాల్సిన అసలు పన్ను ఎంత? సున్నా. రూ.4 లక్షల వరకు పన్నే లేదు. పైగా సెక్షన్ 44ఏడీఏ వాడుకుంటే రాబడిలో సగాన్నే, అంటే రూ.1,80,000నే ఆదాయంగా చూపొచ్చు. ఏడాది పొడవునా కోసిన రూ.36,000 మొత్తం తిరిగి రావాల్సిన డబ్బే. కానీ ఏప్రిల్లో కోసిన మొదటి రూ.3,000 మరుసటి ఏడాది రిటర్ను వేస్తే తప్ప రాదు. చివరి మూడు నెలల టీడీఎస్ వివరాలు ఆఫీసు దాఖలు చేయడానికి గడువు మే 31. రిఫండ్ పడేసరికి ఏడాది దాటి ఇంకో రెండు మూడు నెలలవుతుంది. అద్దె మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీనే కట్టాలి.

ఇందులో తప్పులు జరిగే చోట్లు నాలుగు. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత 10 కాదు, 20 శాతం. జీతమే కదా అని ఐటీఆర్-1 (జీతగాళ్ల రిటర్ను) వేస్తే, మన పేరు మీద జమైన పన్ను వివరాలు చూపే ఫారం 26ఏఎస్‌లో 194జె అని ఉండటంతో లెక్క కుదరక నోటీసు వస్తుంది, వేయాల్సింది ఐటీఆర్-4 (44ఏడీఏ వాడుకునేవారి రిటర్ను). ఆఫీసు కోసిన డబ్బును ప్రభుత్వానికి జమ చేయకపోతే 26ఏఎస్‌లో ఏమీ కనపడదు, రిఫండ్ ఆగిపోతుంది. అసలు రిటర్నే వేయకపోతే రూ.36,000 వదులుకున్నట్టే. కాలేజీలో అయిదేళ్లు చదివినవారికి ఇవేవీ ఒక్క పీరియడ్‌లో కూడా చెప్పరు.

3. అదే రూ.30,000 ఉద్యోగిగా వస్తే

యజమాని ఖర్చు మొత్తం రూ.30,000గానే ఉంచుదాం, పీఎఫ్, గ్రాట్యుటీ చట్టాల కిందికి వచ్చే ఆఫీసే అనుకుందాం. మూల వేతనం రూ.15,000. యజమాని పీఎఫ్ వాటా 12 శాతం, రూ.1,800. మిగిలిన రూ.28,200లోంచి ఉద్యోగి వాటా రూ.1,800, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వృత్తి పన్ను రూ.200 పోతే చేతికి రూ.26,200. టీడీఎస్ లేదు.

‘చూశారా, కన్సల్టెంటుగా ఉంటేనే చేతికి రూ.800 ఎక్కువ’ అంటారు ఆఫీసువాళ్లు. మేం దాచడం లేదు, నిజమే. అయితే ఉద్యోగి పేరు మీద ప్రతి నెలా రూ.3,600 జమవుతుంది. అందులో రూ.1,250 పింఛను పథకానికి వెళ్తుంది. అయిదేళ్లు పనిచేసి మానేస్తే గ్రాట్యుటీ మూల వేతనం మీద ఏడాదికి 15 రోజుల చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగట్టి, రూ.43,269 రావాలి. ఉద్యోగంలో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో ముడిపడిన బీమా కుటుంబానికి వస్తుంది. కన్సల్టెంటుకు వీటిలో ఒక్కటీ లేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆడపిల్లలకు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఆఫీసులో ఉద్యోగికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం ఇచ్చిన హక్కు. కన్సల్టెంటుకు ‘కొన్నాళ్లు ఇంట్లో ఉండి, ఓపిక వచ్చాక రండి’ అన్న మాటే మిగులుతుంది. తిరిగి వచ్చేసరికి ఆ సీట్లో వేరేవాళ్లు ఉంటారు. క్లాసులో సగం మంది అమ్మాయిలే ఉన్నా ఆఫీసుల్లో పై మెట్ల మీద ఎందుకు కనపడరని సదస్సుల్లో ఆశ్చర్యపోతుంటారు. ఆ ఆశ్చర్యానికి జవాబు కొంత ఇక్కడుంది.

ఇంటి అప్పుకు వెళ్తే బ్యాంకు మొదట అడిగేది ఫారం 16, అంటే జీతం, దాని మీద కోసిన పన్ను చూపే పత్రం. కన్సల్టెంటుకు ఇచ్చేది 16ఏ, ఫీజు మీద కోసిన పన్ను చూపే పత్రం. అది చూపిస్తే ‘వ్యాపారమా? అయితే మూడేళ్ల రిటర్నులు తెండి’ అంటారు. ఊరందరికీ ఇళ్లు గీసేవాళ్ల సంగతి ఇది.

4. మరి సీనియర్లు ఎందుకు మాట్లాడరు?

ఈ పద్ధతి కొందరికి లాభం కాబట్టి. ఏడాదికి రూ.18 లక్షలు తీసుకునే సీనియర్‌ను చూడండి. జీతంగా వస్తే రూ.75,000 ప్రామాణిక తగ్గింపు పోను రూ.17,25,000 మీద పన్ను, సెస్సుతో కలిపి రూ.1,50,800. అదే ఫీజుగా తీసుకుని 44ఏడీఏ కింద సగమే చూపిస్తే ఆదాయం రూ.9 లక్షలు. రూ.12 లక్షల లోపు రిబేటు ఉంది కనుక పన్ను సున్నా. కోసిన రూ.1,80,000 టీడీఎస్ మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. రూ.20 లక్షలు దాటనంత వరకు జీఎస్టీ బాధా లేదు.

నిజంగా స్వతంత్రంగా పనిచేసేవారికి అది న్యాయమైన సౌకర్యమే. కానీ జీతగాడైన కుర్రాడికి ఇందులో ఒరిగేది ఏముంది? ఏడాదికి రూ.12,75,000 లోపు జీతం ఉన్నవారు ఉద్యోగిగా ఉన్నా కట్టేది సున్నాయే. కాబట్టి ‘నీ పన్ను మిగలడానికే ఇలా రాస్తున్నాం’ అని కొత్తవారికి చెప్పడం అబద్ధం. మిగిలేది ఆఫీసు వంతు పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రసూతి ఖర్చు. పై వాళ్లకు పన్ను మిగులు, కింది వాళ్లకు హక్కుల కోత. ఒకే కాగితం రెండు రకాలుగా పనిచేస్తోంది.

5. ‘ఫీజులే రావడం లేదు, జీతాలు ఎక్కడి నుంచి ఇవ్వాలి?’

ఆఫీసు యజమానుల ఈ మాటను మేం తీసిపారేయడం లేదు. లెక్క వేసి చూపిస్తాం, ఎందుకంటే రోగం మూలం ఇక్కడే ఉంది.

రూ.2 కోట్ల కట్టడం, ఫీజు 2 శాతం అనుకోండి. రూ.4 లక్షలు. డ్రాయింగులు 70 షీట్లు, షీటుకు 8 గంటల చొప్పున 560 గంటలు. షీటుకు మూడు మార్పులు, మార్పుకు 2 గంటలు, మొత్తం 420 గంటలు. సైటుకు 40 సార్లు, వెళ్లినప్పుడల్లా 4 గంటలు, 160 గంటలు. అన్నీ కలిపి 1,140 గంటలు. గంటకు సుమారు రూ.350. అందులో సగం అద్దెకు, సాఫ్ట్‌వేర్‌కు, స్ట్రక్చరల్ ఇంజినీరుకు పోతే గంటకు రూ.175 మిగులుతుంది. నెలకు 200 గంటలకు రూ.35,000. కొత్తవారి జీతం ఆ చుట్టుపక్కలే ఎందుకు తిరుగుతోందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక పక్క ఆఫీసుకు పని పోతుందని ఫీజును 1.5 శాతానికి దించితే ఇదే లెక్కలో నెలకు రూ.26,300 దగ్గర ఆగుతుంది. క్లయింటు ముందు నవ్వుతూ వదులుకున్న అర శాతం, డ్రాయింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి జీతంలో సుమారు రూ.8,700 కోత. పని దక్కుతుందన్న ఆశతో కాన్సెప్ట్ స్కెచ్చులు ఉచితంగా ఇవ్వడం ఇంకో జాడ్యం. ఆ గంటలు ఏ బిల్లులోనూ చేరవు, రాత్రిళ్లు ఉచితంగా కూర్చునేవాళ్లతో పూడ్చుకుంటారు. రూ.30,000కి నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే గంటకు రూ.144. రోజుకు 11 గంటలైతే రూ.105.

చట్టం రక్షించేది పేరునే, వృత్తి చేయడాన్ని కాదు అని 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్ లేనివారూ పోటీలో ఉంటారు, ఫీజు తగ్గిస్తారు. ఒప్పుకుంటున్నాం. కానీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ఒకరినొకరు కోసుకోవడం కౌన్సిల్ చేతిలో ఉన్న విషయమే. 1989 వృత్తి ప్రవర్తన నియమాల్లో ఫీజుల పట్టికను పాటించాలని ఉంది. ఉద్యోగులకు న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలని, వారి వృత్తి ఎదుగుదలకు తోడ్పడాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. రెండోదాన్ని ఎవరూ గట్టిగా చదివినట్టు లేదు.

6. ఎదుగుదల గొర్రె తోక బెత్తెడే

మెట్లు కాగితం మీద బాగానే ఉన్నాయి: జూనియర్ ఆర్కిటెక్ట్, ఆర్కిటెక్ట్, ప్రాజెక్ట్ ఆర్కిటెక్ట్, అసోసియేట్, ఆపైన భాగస్వామి. చిక్కు రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య ఉంది. ప్రాజెక్ట్ ఆర్కిటెక్ట్ కావాలంటే సైటు తెలియాలి, బీవోక్యూ (పనుల పరిమాణాల పట్టిక) చదవడం రావాలి, కాంట్రాక్టరు బిల్లు పట్టుకుని ఏది నిజం ఏది కాదో చెప్పగలగాలి, క్లయింటు ముందు కూర్చుని మాట్లాడగలగాలి. జూనియర్‌ను ఈ నాలుగింటికీ దూరంగా ఉంచి టాయిలెట్ డిటైళ్లు, తలుపులూ కిటికీల షెడ్యూళ్లు, మెట్ల సెక్షన్లు గీయిస్తారు. నాలుగేళ్ల తర్వాత ‘నీకు సైటు అనుభవం లేదు’ అంటారు.

దీని ఫలితం ఇళ్లలో ఉండేవారి కాళ్ల కింద కనపడుతుంది. ఒక మెట్ల సెక్షన్ తీసుకోండి. అంతస్తు ఎత్తు 3,150 మిల్లీమీటర్లు, 150 చొప్పున 21 రైజర్లు (మెట్ల నిలువు ఎత్తులు). స్క్రీన్ మీద లెక్క కుదిరింది, షీటు వెళ్లిపోయింది. కానీ గది ఫ్లోరింగుకు 50 మిల్లీమీటర్ల మందం, మెట్ల మీద రాయికి 25. కాంక్రీటును 150 చొప్పున సమానంగా పోస్తే, ఫినిషింగు అయ్యాక కింది మొదటి మెట్టు 125, పైన చివరి మెట్టు 175 అవుతుంది. మధ్యలో అన్నీ 150. అలవాటైన అడుగు తప్పేది ఆ రెండు చోట్లే. ముసలివాళ్లు, చంకలో బిడ్డను ఎత్తుకున్నవాళ్లు తూలి పడేదీ అక్కడే. ఈ సవరణ కాంక్రీటు పోయకముందే, షట్టరింగు (కాంక్రీటుకు అచ్చు బిగించే) దశలో, ఫినిష్డ్ లెవెల్ నుంచి వెనక్కి లెక్కగడితే రెండు నిమిషాల పని. గీసినవాళ్లు షట్టరింగు రోజున ఒక్కసారి సైటులో నిలబడి ఉంటే జన్మలో మరిచిపోరు. సైటు చూడనివాళ్లు అదే తప్పు తర్వాతి ప్రాజెక్టులోనూ చేస్తారు. మనం వారిని తప్పుపడతాం.

అమెరికాలో లైసెన్సు కోరేవారు ఆరు విభాగాల్లో కలిపి 3,740 గంటల అనుభవాన్ని నమోదు చేయించుకోవాలి. అందులో నిర్మాణ దశకే 360 గంటలు. మన దగ్గర బీఆర్క్ (అయిదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ) పట్టా రాగానే రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఆ తర్వాత ఆఫీసు ఏం నేర్పిందో నమోదు చేసేవారు లేరు. ఆఫీసు మారేటప్పుడు ‘పనిచేశారు’ అన్న ఒక్క వాక్యపు లేఖ చేతిలో పెడతారు. గీసిన డ్రాయింగులు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవద్దంటారు. కాబట్టి కొత్తచోట మళ్లీ మొదటి మెట్టు. జీతం పెరగాలంటే ఆఫీసు మారడం, లేదా మొత్తానికి వృత్తే వదిలి ఇంటీరియర్ కంపెనీలోనో సాఫ్ట్‌వేర్ డిజైన్లోనో చేరడం. లేకపోతే అనుభవం చాలకుండానే సొంత ఆఫీసు తెరిచి, బతకడానికి ఫీజు ఇంకా తగ్గించడం. అప్పుడు అయిదో పాయింటు మళ్లీ మొదలవుతుంది.

బోధన వైపు వెళ్దామంటే, 7వ వేతన సంఘం స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూల వేతనం రూ.57,700. ఆ స్కేలు అమలయ్యే చోటు దొరకడం వేరే కథ.

7. శిక్షణలో ఉన్న విద్యార్థులు

బీఆర్క్‌లో ఆఫీసు శిక్షణ తప్పనిసరి. తప్పనిసరి అన్న మాటనే కొన్ని ఆఫీసులు వాడుకుంటాయి. స్టైపెండ్ సున్నా, లాప్‌టాప్ సొంతం, రాకపోకలు సొంతం, పని మాత్రం పూర్తిది. అప్రెంటిస్ నియమాల్లో 2019లోనే పట్టభద్రుడైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం రూ.9,000 అని పెట్టారు. నాలుగేళ్లు చదివి వచ్చిన మన విద్యార్థికి కనీసం ఆ గౌరవం కూడా లేదు.

మేం అడుగుతున్నవి

అ) నిర్ణీత పనివేళలతో, ఒకే ఆఫీసులో, నెల జీతానికి పనిచేసే ఆర్కిటెక్టును కన్సల్టెంటుగా చూపడం 1989 నియమాల్లోని ‘న్యాయమైన ప్రతిఫలం’ నిబంధనకు విరుద్ధమని కౌన్సిల్ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ‘మాది కార్మిక శాఖ కాదు’ అన్న జవాబు వద్దు. మీ నియమాలను ఉల్లంఘించిన ఆర్కిటెక్టును మందలించే, సస్పెండ్ చేసే, రిజిస్టరు నుంచి పేరు తీసేసే అధికారం సెక్షన్ 30 మీకే ఇచ్చింది.

ఆ) 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం సాంకేతిక, పర్యవేక్షణ పనులు చేసేవారు కూడా ఉద్యోగులే. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు పడాలి. మానేసినవారి బకాయి రెండు పనిదినాల్లో తీర్చాలి. ‘క్లయింటు డబ్బు ఇచ్చాక జీతం’ అన్న పద్ధతికి ఇక చోటు లేదని ఆఫీసులకు మీ నోటితో చెప్పండి. చేరిన రోజే నియామక పత్రం, అందులో హోదా, పనివేళలు, మూల వేతనం, నోటీసు గడువు ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టుకోవడం ఆగాలి.

ఇ) ఒక అనుభవ పుస్తకం పెట్టండి. ఆరు పేజీలు చాలు: స్కీము, మునిసిపల్ అనుమతి, వర్కింగ్ డ్రాయింగులు, స్ట్రక్చరల్ ఇంజినీరుతోనూ ప్లంబింగ్, ఎలక్ట్రికల్ వాళ్లతోనూ సమన్వయం, బీవోక్యూ–టెండరు, సైటు. ఆరు నెలలకోసారి ఆఫీసు ప్రధాన ఆర్కిటెక్టు గంటలు రాసి, తన రిజిస్ట్రేషన్ నంబరుతో సంతకం చేయాలి. తొలి రెండేళ్లలో సైటు పేజీ ఖాళీగా ఉంటే ఎందుకో రాయాలి. ఆఫీసు మారినప్పుడు ఆ పుస్తకం ఉద్యోగితోనే వెళ్లాలి.

ఈ) గీసినవారి పేరు ప్రతి షీటు టైటిల్ బ్లాకులో పూర్తిగా ఉండాలి, పొడి అక్షరాలు చాలవు. క్లయింటు రహస్యాలు పోకుండా పోర్ట్‌ఫోలియోలో చూపుకునే హక్కు ఉండాలి.

ఉ) స్టైపెండ్ ఇవ్వని ఆఫీసులో చేసిన శిక్షణను కాలేజీలు లెక్కలోకి తీసుకోకూడదు. కాలేజీలకు అనుమతులు ఇచ్చేది మీరే కనుక దీన్ని మొదలుపెట్టగలిగేదీ మీరే. ఈ కోరికల్లో ముందుగా చేపట్టాల్సింది ఇదే.

ఊ) ఉచిత స్కెచ్చుల మీద, పట్టిక కంటే తగ్గించి వేసే బిడ్ల మీద వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, తేల్చినవి ఎన్ని అన్నది ఏటా ప్రకటించండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు.

సీనియర్ ఆర్కిటెక్టులకు విడిగా ఒక మాట. మీలో పీఎఫ్ కట్టి, సైటుకు వెంట తీసుకెళ్లి, వెళ్లేటప్పుడు వివరంగా లేఖ రాసి పంపినవారు ఉన్నారు. వారి ఆఫీసులూ ఇదే మార్కెట్లో, ఇదే ఫీజులతో నడుస్తున్నాయి. వారు ఎలా నడుపుతున్నారో మిగతావారికి చెప్పడానికి మా వినతి కంటే వారి మాటే బాగా పనికొస్తుంది.

కౌన్సిల్ నుంచి 60 రోజుల్లో జవాబు కోరుతున్నాం. (అ), (ఉ) కోరికలకు అవుననో కాదనో ఆ గడువులోనే తేల్చండి. మిగతావాటికి ఏ సమావేశపు అజెండాలో పెడతారో తేదీ చెప్పండి. జవాబు మాకొక్కరికే పంపవద్దు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఈలోగా, కన్సల్టెంటుగా పనిచేస్తున్న తోటివారు ప్రతి మూడు నెలలకోసారి 26ఏఎస్ తెరిచి కోసిన టీడీఎస్ జమైందో లేదో చూసుకోండి. పడకపోతే 16ఏ ఇమ్మని రాతపూర్వకంగా అడిగి, ఆ కాపీ దాచుకోండి.

ఇట్లు,
ఆఫీసుల్లో నెల జీతానికి పనిచేస్తున్న ఆర్కిటెక్టులం